తాళం పోయిన చోట

ఆ బ్యాండు పేరు 'బండ్లు నిలపరాదు'. ఆ పేరు కోసం నలుగురూ నెల రోజులు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. చివరికి ప్రాక్టీసు చేసే కొట్టు షట్టరు మీద ఎవరో ఎప్పుడో రాసిపోయిన మాటనే ఖాయం చేసుకుని చేతులు దులుపుకున్నారు. దానివల్ల ఊరికి మేలే జరిగింది. వీళ్ల పోస్టరు అంటించిన ప్రతి గోడ దగ్గరా స్కూటర్లు మాయమయ్యాయి. పాట వినడానికి మాత్రం పురుగు కూడా వచ్చేది కాదు.

ఆ కొట్టు తాళాల కొట్టు. అక్కడ తాళాలు చేసేదీ, వెనక గదిలో డ్రమ్స్ వాయించేదీ ఒక్కరే. వీధి వీధంతా ఆమెను తాళాలక్క అంటుంది. తండ్రి దగ్గర పని నేర్చుకుని పాతికేళ్లుగా ఆకురాయి పట్టిన చెయ్యి ఆమెది. అరిగిపోయిన తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని, అది ఇంటి గుమ్మానిదో బీరువాదో చూడకుండానే చెప్పేస్తుంది. డ్రమ్స్ ముందు మాత్రం నలభయ్యో ఏట కూర్చుంది. తమ్ముడు తనను బ్యాండులో చేర్చుకున్నది చేతిలో ఏదో విద్య ఉందని కాదు, కొట్టు వెనక గది ఉందని. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే చేరింది. చేరాక ఆ డ్రమ్ము కర్రల మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, పొద్దున్నే షట్టరు ఎత్తగానే బల్ల ముందు కూర్చోకుండా నేరుగా వెనక గదిలోకి పోయేది.

ఇక ఆ తమ్ముడు. పగలంతా కళ్లజోళ్ల కొట్టులో గుమాస్తా. ఇక్కడికొస్తే గాయకుడు, కవి, నాయకుడు, అన్నీ ఆయనే. గిటారు వాయించేవాణ్ని అందరూ పొడుగు అంటారు. డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పుతాడు. పక్కనెవరైనా తప్పు వాయిస్తే చాలు, లేని బ్రేకు కోసం అతని కుడికాలు దబ్బున నేలకేసి తన్నుతుంది. బేస్ గిటారు మేనమామది. పోస్టాఫీసులో రిటైరయ్యాక, తీగలు నాలుగే కదా, ఏముందిలే అని పట్టుకున్నాడు. ఎప్పుడు వాయించాలో ఎప్పుడు ఆపాలో పొడుగు మొహం చూసి తెలుసుకుంటాడు. అంటే బ్యాండులో సగం మంది మిగతా సగాన్ని నమ్ముకుని బతుకుతున్నారన్నమాట.

గొడవ ఒక పాట దగ్గర మొదలైంది. తమ్ముడే రాశాడు. ఒకడు అలిసిపోయి ఇంటికి వస్తాడు, జేబులు తడుముకుంటాడు, లోపల ఆమె ఉంది, తలుపు తెరవదు. ప్రతి చరణం చివరా 'తాళం పోయింది' అని వస్తుంది. పాట బాగానే ఉంది. అయితే ఆ మాట వచ్చిన ప్రతిసారీ అక్క చెయ్యి ఆగేది. సరిగ్గా ఒక్క దెబ్బ ఎగిరిపోయేది. మిగతా పదకొండు పాటల్లో గీత గీసినట్టు వాయించే మనిషి, ఈ ఒక్క మాట దగ్గర ఎందుకు ఆగుతోందో ఎవరికీ అంతుపట్టలేదు. ఆమెకూ పట్టలేదు. మళ్లీ మళ్లీ వాయించి విసుగెత్తి, ఆ ఖాళీలతోనే రికార్డు చేసి ఇంటర్నెట్లో పెట్టేశారు. విన్నవాళ్లలో సగం మంది మేనమామ పాత సహోద్యోగులే.

టౌన్ హాల్లో ఆదివారం మధ్యాహ్నం పాడే అవకాశం వచ్చాక తమ్ముడు ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. అందులో డ్రమ్ మెషీన్ ఉంది.

"అక్కా, ఏమనుకోకు. ఇది తప్పు వాయించదు, ఆగదు. ఆ రోజుకి దీన్ని పెట్టుకుందాం. నువ్వు ముందు వరసలో కూర్చుని హాయిగా విను" అన్నాడు.

"నా కొట్టులో నిలబడి నాకు చెబుతున్నావా ఈ మాట?"

"కొట్టు సంగతి వేరు, పాట సంగతి వేరు. నలుగురిలో నవ్వులపాలవుతాం."

"ఎన్నాళ్లుంది?"

"మూడు వారాలు."

"మూడు వారాల్లో తప్పు లేకుండా వాయిస్తే?"

తమ్ముడు మెషీన్ వంక ఒకసారి, అక్క వంక ఒకసారి చూసి, "వాయిస్తే నువ్వే" అన్నాడు. అన్నాడే గానీ పెట్టె మాత్రం వెనక్కి తీసుకుపోలేదు. దాన్ని అక్కడే బల్ల కింద పెట్టి వెళ్లాడు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. బయటివాళ్లు అంటే దులిపేసుకునేదే. అన్నది తను చెయ్యి పట్టుకుని నడిపించిన తమ్ముడు.

రెండు రోజుల తర్వాత గుట్టు దానంతటదే బయటపడింది. ఆమె బల్ల దగ్గర ఒక తాళంచెవికి పళ్లు దిద్దుతోంది. ఒకావిడ సంచీతో పరుగున వచ్చి, "తాళం పోయిందండీ" అంది. అక్క చేతిలో ఆకురాయి బల్ల మీద కూర్చుంది. అది తను పెట్టలేదు, చెయ్యే పెట్టింది. పాతికేళ్లుగా రోజుకు పదిమంది వచ్చి ఆ రెండు మాటలే అంటారు. అన్నారంటే చేతిలో పని కింద పెట్టి తలెత్తాలి. అదీ అలవాటు. డ్రమ్స్ ముందు కూర్చున్నా చెయ్యికి ఎవరో బేరం వచ్చిందనే లెక్క.

ఆమె ఆ వచ్చినావిడను కూర్చోబెట్టి, మొహం వెలిగిపోతూ, "ఇంకోసారి అనండి" అంది. పాపం ఆవిడ బిక్కమొహం వేసుకుని ఇంకోసారి అంది.

మర్నాటి నుంచీ మందు మొదలైంది. మేనమామను ముక్కాలి పీట మీద కూర్చోబెట్టింది. ఆమె ఆకురాయి ఆడిస్తూ ఉండాలి, ఆయన పేపరు చదువుకుంటూ మధ్యమధ్యలో, ముందుగా చెప్పకుండా, "తాళం పోయింది" అనాలి. చెయ్యి ఆగకూడదు. మొదటి రోజు పదిసార్లకు పదిసార్లూ ఆగింది. నాలుగో రోజుకు సగానికి దిగింది. ఎనిమిదో రోజున ఒక పెద్దమనిషి నిజంగానే తాళం పోగొట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి మూడుసార్లు మొరపెట్టుకున్నాడు. ఆమె తలెత్తలేదు. "బాగుంది మామయ్యా, ఇంకాస్త జాలిగా అను" అంది. ఆ పెద్దమనిషి వేరే కొట్టు వెతుక్కున్నాడు. పదో రోజుకు ఆమె చెయ్యి బాగుపడింది, బేరాలు పాడయ్యాయి.

ఆ సాయంత్రం నలుగురూ కలిసి ఆ పాట వాయించారు. అయిదు చరణాల్లో ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. పొడుగు బ్రేకు తొక్కలేదు. తమ్ముడు వెనక్కి తిరిగి చూసి, "పర్లేదే" అన్నాడు. వాడి నోట 'పర్లేదే' అంటే మిగతావాళ్ల నోట అద్భుతమన్నట్టు. అక్క ఆ రాత్రి కడుపునిండా తిని పడుకుంది.

తెల్లారేసరికి కొంప మునిగింది. వారపత్రికలో సంగీతం గురించి రాసే ఒకావిడ ఉంది. అంత సులభంగా ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. ఇంటర్నెట్లో ఆ పాట విని, ఆవిడ ఆ వారం అరపేజీ 'బండ్లు నిలపరాదు' గురించే రాసింది. మేనమామ కొట్టులో నిలబడి పైకి చదివాడు:

"గాయకుడు 'తాళం పోయింది' అన్న ప్రతిసారీ నిజంగానే తాళం పోతుంది. ఒక్క దెబ్బ, అంతే. ఆ ఖాళీలో వినేవాడు మూసిన తన తలుపు ముందు తానే నిలబడిపోతాడు. ఒక శ్లేషను చెవికి వినిపించిన ఆ డ్రమ్మరు ఎవరో తెలియదు గానీ, ఈ ఊళ్లో అంత ధైర్యమున్న చెయ్యి ఇంకొకటి లేదు."

"శ్లేషా? నేనేం శ్లేష రాశాను?" అన్నాడు తమ్ముడు.

"తలుపుకి వేసేదీ తాళమే, పాటకి వేసేదీ తాళమే కదరా" అన్నాడు మేనమామ.

తను రాసిన పాట తమ్ముడికి అప్పుడు అర్థమైంది. నిమిషం గడిచేసరికి, "అదే కదా నా ఉద్దేశం" అన్నాడు. రెండో నిమిషంలో అక్క వైపు తిరిగి, "అక్కా, ఆ తప్పు మళ్లీ చెయ్యవే" అన్నాడు.

"ఇప్పుడా?"

"ఆవిడ ఆదివారం వస్తుందట. దానికోసమే వస్తుందట."

సరే, ప్రయత్నించారు. కావాలని ఆగితే అది ఆగినట్టు లేదు, తుమ్ము ఆపుకున్నట్టుంది. ఒకసారి ముందే ఆగింది. ఒకసారి రెండు దెబ్బలు ఆగింది. ఇంకోసారి ఆగాలా వద్దా అని ఆలోచిస్తూ మొత్తం చరణమే వదిలేసింది. పొడుగు కాలు నేలను తన్ని తన్ని బొబ్బలెక్కింది. పది రోజులు కష్టపడి మాన్పించుకున్న రోగం, రమ్మంటే వస్తుందా మరి.

శుక్రవారం ఆ రచయిత్రి స్వయంగా కొట్టుకే వచ్చింది. మెడలో కళ్లజోడు, చేతిలో చిన్న నోటు పుస్తకం. తాళాలక్కను చూసి రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ శూన్యం మీకెలా తట్టిందండీ?" అని అడిగింది.

తమ్ముడు బల్ల కింద నుంచి అక్క కాలు తొక్కాడు. అక్క కాలు వెనక్కి లాక్కుని, "శూన్యం కాదండీ, తప్పు. నా చెయ్యి ఆగిపోయేది. ఇప్పుడు ఆగట్లేదు" అంది.

ఆవిడ కళ్లు చెమర్చాయి. "గొప్పవాళ్లంతా ఇలాగే అంటారు" అని పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయింది. నిజం చెప్పినా నెగ్గని రోజుల్లో ఏం చేస్తాం.

ఆవిడ వీధి మలుపు తిరిగీ తిరగకముందే తమ్ముడు విరుచుకుపడ్డాడు. "ఒక్క దెబ్బ. ఆపడమేగా, అదేమన్నా బ్రహ్మవిద్యా? మెషీన్‌కి చెబితే చక్కగా ఆపుతుంది."

అక్క బల్ల కింద నుంచి ఆ పెట్టె తీసి వాడి ముందు పెట్టింది. "తప్పినప్పుడు నన్ను వద్దన్నావు. తప్పు లేకుండా వాయిస్తే ఇప్పుడూ వద్దంటున్నావు. నేను వాయించడం నీకెప్పుడు కావాల్రా?" అంది. వాడు పెట్టె తీసుకెళ్లలేదు. ఆదివారం ఆమె రావాలో వద్దో కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఆమె వెళ్లింది. కర్రలు సంచీలో వేసుకుని, ఎవరినీ అడక్కుండా వెళ్లి డ్రమ్స్ ముందు కూర్చుంది. దించెయ్యాలంటే నలుగురి ఎదుటా దించెయ్యనీ అనుకుంది. తమ్ముడు ఒకసారి చూసి మైకు సర్దుకున్నాడు. పత్రికలో వచ్చిందిగా, హాలు నిండిపోయింది. మొదటి వరస మధ్యలో ఆ రచయిత్రి పుస్తకం తెరుచుకుని కూర్చుంది.

ఆ పాట చివర పెట్టారు. మొదటి చరణం వచ్చింది. తమ్ముడి వీపు చూస్తేనే తెలుస్తోంది, వాడి ప్రాణం పాట మీద లేదు, వెనక ఉంది. ఆగుతుందా, ఆగదా. చరణం చివరికి వచ్చేసరికి ఉండబట్టలేక మెడ తిప్పి అక్కను చూశాడు. చూస్తూ చూస్తూ మాట మర్చిపోయాడు. నోరు తెరిచే ఉంది, అందులోంచి ఏమీ రాలేదు. వాడు ఆగేసరికి పొడుగు కాలు బ్రేకు మీద పడింది, గిటారు ఆగింది. పొడుగు ఆగేసరికి మేనమామ ఆగాడు.

హాల్లో డ్రమ్స్ ఒక్కటే మిగిలింది.

తనూ ఆపితే పాట అక్కడికక్కడే చచ్చిపోతుందని అక్కకు అర్థమైంది. ఆమె చేతులు ఆగలేదు. అంతమంది మధ్య ఆమె వాయింపు ఒక్కదాన్నే వినడం అందరికీ అదే మొదటిసారి, ఆమెకు కూడా. ఎక్కడా తొందర లేదు, తడబాటు లేదు. తమ్ముడి మొహం సున్నంలా తెల్లబోయి ఉంది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు కూడా వాడి మొహం అలాగే ఉండేది. ఆమె వాడి కళ్లలోకి చూస్తూ, నేనున్నాగా అన్నట్టు తల ఆడిస్తూ వాయించింది. వెనక వరసల్లో ఎవరో కాలితో తాళం వేయడం మొదలుపెట్టారు. కాసేపటికి హాలంతా వేసింది. అప్పుడు తమ్ముడికి ఊపిరి వచ్చింది, ఊపిరితో పాటు మాటా వచ్చింది. పాట గట్టెక్కింది.

కార్యక్రమం అయ్యాక రచయిత్రి పరుగు లాంటి నడకతో స్టేజి వెనక్కి వచ్చింది. ఆవిడ మొహం మతాబులా వెలుగుతోంది.

"ఈసారి పాట పోయి తాళం మిగిలింది. ఎంత ఆలోచించి ఉంటారు" అంది తమ్ముడితో. "ఇది ఎవరి ఊహండీ? మీదేనా?"

పొడుగు గోడ వైపు తిరిగాడు. మేనమామ తన నాలుగు తీగలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోసాగాడు. అక్క కర్రలు సంచీలో పెడుతూ వింటోంది. వాడు ఏమంటాడో ఆమెకు తెలుసు. అదే కదా నా ఉద్దేశం, అంటాడు.

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"ఎవరి ఊహా కాదండీ. నేను మాట మర్చిపోయాను" అన్నాడు. "మా అక్క ఆగినప్పుడు నేను వెళ్లి మెషీన్ తెచ్చాను. నేను ఆగినప్పుడు తను వాయిస్తూనే ఉంది. అది రాసుకోండి."

అక్కకు కళ్లనిండా నీళ్లు వచ్చాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు. సంచీ భుజాన వేసుకుని, ముక్కు తుడుచుకుని, తమ్ముడి వైపు తిరిగింది.

"చాల్లే, పద. ఆ పెద్ద డ్రమ్ము నువ్వు పట్టు" అంది.