కోతకు దిగని తోట

బిందుమాధవిని ఆటోలో పడుకోబెట్టి అద్దంకి ఆసుపత్రికి తీసుకెళుతుంటే, అదే దారిలో మా ఊరి భూస్వామి రామకాంత్ ఇంటికి మంచినీళ్ల టిన్నులు వెళుతున్నాయి. ఆమె కడుపుతో ఉంది. మా కాలనీ బోరు నీళ్లు తాగి ఆగకుండా వాంతులు. ఆయన టిన్ను నీళ్లతో కాళ్లు కూడా కడుక్కుంటాడు. నా కళ్లతో చూశాను.

గ్రావెల్ తవ్వి అమ్ముకున్న గుంటను ఆయన పట్నం చెత్తకు అద్దెకిచ్చాడు. అడుగున ప్లాస్టిక్ పట్టా కూడా పరవలేదు. వానలకు చెత్త కుళ్లి, ఆ నల్లటి రసం నేలలోకి ఇంకి మా బోరులోకి దిగింది. ముందు పక్కనే ఉన్న పిచ్చయ్య కౌలు తోట పోయింది. మిరపాకు ముడుచుకుంటే తామర పురుగనుకున్నాం, మందు మీద మందు కొట్టాం. ఆ మందు కలిపింది కూడా అదే బోరు నీళ్లలో! మా తెలివి అలా తెల్లారింది.

బిందుమాధవికి బిడ్డ దక్కలేదు. ఆ నీళ్లు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. ఆ సాయంత్రం అందరం బోరు దగ్గర చేరాం.

"అర్జీ పెడదాం," అన్నాడు పిచ్చయ్య.

"పెట్టాంగా! ఆఫీసర్లొచ్చారు, ముక్కులు మూసుకున్నారు, పోయారు," అంది కోటిరత్నం. బిందుమాధవి అత్త ఆమె, మిరప కోతకెళ్లే కూలీల ముఠాకు మేస్త్రి.

"ఆయన్ని కాదంటే నా కౌలు ఊడుద్ది."

"ఎండిన తోటకి కౌలేంటి పిచ్చయ్యా? ఆయన తోట మాత్రం కాలవ నీళ్లతో ఎర్రగా పండింది. కొయ్యాల్సింది మనమే."

కోతకొచ్చిన కూలీలకు తాగే నీళ్లు రైతే పెట్టాలి, మా వైపు ఆనవాయితీ. మర్నాడు రామకాంత్ మనిషి బోరు నీళ్ల డ్రమ్ము గట్టు మీద దించాడు. ఆడవాళ్లెవరూ తోటలోకి దిగలేదు.

"ఏంటే, దిగరే?" అరిచాడు రామకాంత్.

కోటిరత్నం గ్లాసు ముంచి ఆయన ముందు పెట్టింది. "తమరు తాగండి. దిగుతాం."

"ఒళ్లు కొవ్వెక్కిందా?"

"తాగండి! తాగండి!" గట్టంతా ఒకటే అరుపు.

ఆయన గ్లాసు విసిరికొట్టాడు. కాసేపటికి పోలీసు జీపొచ్చి కోటిరత్నాన్ని ఎక్కించుకుపోయింది. నీళ్లు కలుషితం చేసినవాడి మీద కేసు లేదు, ఆ నీళ్లు తాగమన్నందుకు కేసు. థూ!

"వీళ్లు కాకపోతే కూలీలే దొరకరా?" అని రామకాంత్ పొదిలి నుంచి వేరే ముఠాను రప్పించాడు. వాళ్ల మేస్త్రి ఖుర్షిదా ఆటో దిగీ దిగగానే డ్రమ్ములో గ్లాసు ముంచింది. వాసన చూసి మొహం చిట్లించింది.

"ఏందయ్యా ఈ కంపు?"

ఆసుపత్రి నుంచి వచ్చిన బిందుమాధవి గట్టు మీద కూర్చుని ఉంది. లేవడానికి కూడా ఓపిక లేదు.

"తాగొద్దక్కా. నేను తాగాను. నా బిడ్డ పోయింది. అడిగినందుకు మా అత్తను పట్టుకుపోయారు."

ఖుర్షిదా డ్రమ్మును కాలితో తన్ని దొర్లించింది. వెళ్లి బిందుమాధవి పక్కన కూర్చుంది. ఆమె వెనకే ముఠా మొత్తం కూర్చుంది. కాసేపు తటపటాయించి, పిచ్చయ్య కూడా తలగుడ్డ పరుచుకుని కూలబడ్డాడు.

"కోటిరత్నాన్ని వదలాలి! చెత్త గుంట మూయాలి!"

జీపు మళ్లీ వచ్చింది. ఈసారి మమ్మల్నందరినీ ఎక్కించడానికి అందులో చోటు చాల్లేదు.