షట్టరు మీద వెలుగు

శేషగిరి వీడియోను మళ్లీ వెనక్కి తిప్పాడు. చెవులకు హెడ్‌ఫోన్, ముక్కు చివర కళ్లజోడు, ఒళ్లో అట్ట నలిగిన పుస్తకం. కిచెనర్‌లో డిఫెన్స్ లాయరు మీనాక్షి ఆఫీసులో ఆయన పని ఒకటే, పోలీసు కారు కెమెరాలో కనిపించిందంతా సెకన్లతో సహా రాయడం. ముందు తెలుగులో చిత్తు రాసుకుంటాడు. ఏమీ జరగని చోట కూడా టైము వేసి "ఏమీ లేదు" అని రాస్తాడు. గూడ్సు బండి గార్డుగా ఇరవై రెండేళ్లు చివరి పెట్టెలో ఒంటరిగా నిలబడి, దాటిన ప్రతి స్టేషనుకూ టైము రాసిన చెయ్యి అది. భార్య వాసంతి నర్సు ఉద్యోగం వెంట కెనడా వచ్చినా అలవాటు పోలేదు. ఆఫీసులో అందరూ ఆటపట్టిస్తారు.

ఇండియా నుంచి చదువుకోవడానికి వచ్చిన నిఖిల కేసులో ఆ చాదస్తమే పనికొచ్చింది. టొరంటో పక్కనున్న వాన్ అనే ఊళ్లో, గోదాముల దగ్గర ముసురులో ఆ పిల్ల కారు కుడివైపు తిరిగింది. ఇండికేటర్ వేయలేదని పోలీసు ఆపాడు, కారంతా వెతికాడు, సీటు కింద మత్తు మాత్రలు తీశాడు. నేరం రుజువైతే చదువు, స్టడీ పర్మిట్ రెండూ పోతాయి. వీడియోలో లారీ అడ్డం, మలుపు దగ్గర కారే కనపడదు. కానీ ఎదుటి గోదాము రేకు షట్టరు మీద నారింజ వెలుగు మూడుసార్లు వెలిగి ఆరింది. వంపుల్లో గట్టు మీద పడే వెలుగును బట్టి సిగ్నల్ పోల్చుకున్న కళ్లు అది ఆ కారు ఇండికేటరేనని పట్టేశాయి.

ఒంటిగంటకు మీనాక్షి, నిఖిల కోర్టు నుంచి వచ్చారు.

"అంకుల్, జడ్జి మీ షట్టర్ క్లిప్ మూడుసార్లు ప్లే చేయించారు. స్టాప్ ఇల్లీగల్. ఎవిడెన్స్ అవుట్," అంది మీనాక్షి.

నిఖిల గుమ్మంలోనే నిలబడిపోయింది. "మాత్రలు నా కార్లనే దొరికినయి కద అంకుల్. మరెట్ల విడిచిపెట్టిండ్రు?"

"ఆపడానికి కారణమే లేదమ్మా. అట్టా ఆపి తీసింది చెల్లదంట."

అన్నాక ఆ మాట ఆయనకే వింతగా తోచింది. యూనిఫాం వేసుకున్న మనిషి మాటను రేకు మీది కాస్త వెలుతురు కాదనగలిగింది. చేతికి దొరికిన రుజువును, తెచ్చిన దారి సరికాదని ఒక కోర్టు పక్కన పెట్టేసింది. గార్డుగా తను నింపిన పుస్తకాలు ఎవరూ తెరిచి చూసినట్టు లేదు. ఇప్పుడు ఆ వెలుగు గురించి తను రాసిన మూడు వరుసల కోసం ఒక న్యాయస్థానం ఆగి చూసింది. ఎంత గొప్ప సంగతి అనుకున్నాడు.

దణ్ణం పెట్టబోయిన నిఖిలను "క్లాసుకెళ్లు తల్లీ" అని పంపేసి, పెరుగన్నం తిని, తరవాతి ఫైలు పెట్టుకున్నాడు.

నాలుగింటికి మీనాక్షి టీ తెచ్చింది. ఆయన తల కుర్చీకి ఆని ఉంది. తెర మీద ఖాళీ రోడ్డు కదులుతూనే ఉంది. రెండుసార్లు పిలిచింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఆమె హెడ్‌ఫోన్‌ను మెల్లగా తీసి పక్కన పెట్టింది.

ఆయన ఒళ్లో పుస్తకం తెరిచే ఉంది. ఆఖరి వరుసలో టైము, దాని ఎదురుగా ఎప్పటిలాగే గుండ్రటి అక్షరాల్లో, "ఏమీ లేదు."