నా పొట్ట మీది పేర్లు

నేనొక గుండిగని. ఇత్తడిదాన్ని. పొట్ట పెద్దది, మెడ పొట్టి, మాట తక్కువ. గరిటె తగిలితే తప్ప నోరు విప్పను. ఇవాళ విప్పుతున్నానంటే నా పొట్టకు చిల్లుపెట్టి మరీ విప్పించారు.

నన్ను చేసింది గోదావరి జిల్లా కంచరివాళ్ళు. కొన్నది దివిసీమలో, సముద్రం పక్కనే ఉన్న దొండపూడి మునసబు వీరరాఘవయ్య గారు. కొన్న రోజే ఉలితో నా మెడ మీద చుక్కలు చుక్కలుగా ఆయన పేరు కొట్టించారు. మనుషులకు అదొక అలవాటు. బిడ్డకు పేరు పెట్టడానికి మంచిరోజు కోసం ఆగుతారు గానీ, గిన్నెకు ఆగరు.

ఊళ్ళో ఏ పెళ్ళయినా నేను ఉండాల్సిందే. మురుగుకాలువ అవతలి జాలరిపాలేనికి మాత్రం నన్ను పంపేవారు కాదు. చేపల కంపు అంటుకుంటుందట. నాకు ముక్కు లేదు. ఉన్నవాళ్ళు అడ్డుపడ్డారు.

డెబ్బై ఏడు కార్తీకంలో ఉప్పెన వచ్చింది. సముద్రం తాటిచెట్టంత లేచి ఊరినీ పాలేన్నీ ఒకే గుక్కలో మింగింది. మధ్యలో కాలువ ఉందని దానికెవరూ చెప్పినట్టు లేదు. నేను మునసబు గారి కొట్టంలోంచి కొట్టుకుపోయి తుమ్మచెట్ల మధ్య ఇరుక్కున్నాను. అక్కడినుంచి చూసింది చెప్పను. ఇత్తడికైనా కొన్ని చెప్పే నోరు ఉండదు.

నీళ్ళు తీశాక నన్ను బయటికి లాగింది నాంచారమ్మ. పాలెం పిల్ల. మొగుడు పోయాడు. ఇద్దరు బిడ్డలు కనపడలేదు. దొరికినవాళ్ళను కూడా గుర్తుపట్టే వీలు లేదు. ఊరివాళ్ళనీ పాలెంవాళ్ళనీ కలిపి ఒకే గోతిలో పూడ్చారు. తన బిడ్డలూ అందులోనే ఉన్నారని నాంచారమ్మ నమ్మింది. నమ్మకపోతే ఆమెకు నిలబడే చోటు లేదు.

అప్పుడు దేశం దేశమంతా దొండపూడికి వచ్చింది. ఒకరు బియ్యం, ఒకరు దుప్పట్లు, ఒకరు మందులు. ఎవరి భాష ఎవరికీ రాదు. ఒక పంజాబీ పెద్దాయన తలపాగా బిగించి, రైసుమిల్లు ముందు గాడిపొయ్యి తవ్వి నన్ను ఎక్కించాడు. గరిటె లేకపోతే పడవ తెడ్డు కడిగి దాంతోనే కలిపాడు. బియ్యం, పప్పు, తాను మోసుకొచ్చిన బంగాళాదుంపలు, అన్నీ ఒక్కటిగా ఉడికించాడు. చేపల కంపు సంగతి ఎవరికీ గుర్తులేదు.

నాంచారమ్మ వడ్డిస్తోంది. మునసబు గారు కూడా ఆకు పట్టుకుని వరసలో కూర్చున్నారు. ఆయన భార్య పోయింది. అంతకుముందు ఆయన కాలువ దాటి మంచినీళ్ళు కూడా తాగిన మనిషి కాదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పాత అలవాటు కొద్దీ అనేశారు.

"ఉప్పు తక్కువైందమ్మాయ్."

నాంచారమ్మ తెడ్డు ఆపింది. "సముద్రం సముద్రమే మీ నట్టింట్లోకి వచ్చిపోయింది గదండీ! ఇంకా ఉప్పు చాల్లేదా?"

ముందు మునసబు గారే నవ్వారు. నవ్వీ నవ్వీ ఏడ్చారు. అందరూ ఏడ్చారు. పంజాబీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయనా ఏడ్చాడు.

మరుసటి కార్తీకానికి చిక్కొచ్చింది. గోతిలో ఎవరు ఎక్కడున్నారో తెలియదు, ఎవరి తద్దినం ఎవరు ఎలా పెట్టాలి? అందరూ కూర్చుని తేల్చుకున్నారు. ఇంటింటి నుంచి గుప్పెడు బియ్యం తేవాలి, నాలో కలిపి వండాలి, మొదటి ముద్ద ఆ గోతి గట్టున పెట్టాలి. ఉమ్మడి తద్దినం. బంగాళాదుంప తద్దినానికి పనికిరాదని పురోహితుడు గొణిగాడు. "బతికున్న మాకు పనికొచ్చింది, మావాళ్ళకు పనికిరాదా?" అని నాంచారమ్మ ఆయన చేతికే కత్తిపీట ఇచ్చింది. అప్పటినుంచి ఆయనే తరుగుతున్నాడు.

బాగానే జరిగింది. ఏడ్చినవాళ్ళు ఉన్నన్నాళ్ళు బాగానే జరిగింది.

మునసబు గారు పోయాక కొడుకు పూర్ణచంద్రరావు తండ్రి పేరు కింద 'దానం' అని కొట్టించాడు. అది చూసి పాలెం పెద్ద మోపిదేవయ్య 'పాలెంవారికి దొరికినది' అని కొట్టించాడు. కళాయి పూయించినవాడు ఒకటి, పొయ్యి కట్టించినవాడు ఒకటి, యువజన సంఘం ఒకటి. మెడ నిండింది. పేర్లు పొట్ట మీదికి దిగాయి. అన్నీ ఐకమత్యం గుర్తుగానే. పోయినవాళ్ళ పేరు మాత్రం ఒక్కటీ లేదు.

మొన్నటి కార్తీకంలో తద్దినం రోజు పొద్దున్నే పూర్ణచంద్రరావుకీ మోపిదేవయ్యకీ ఒకే జాగా నచ్చింది. ఒకరు కొట్టించిన దాని మీదే ఇంకొకరు కొట్టించారు. ఉలి నా పొట్టలోకి దిగింది. ఎవరూ చూసుకోలేదు. నన్ను పొయ్యెక్కించి నీళ్ళు పోశారు. నీళ్ళు కారి పొయ్యి చుస్సుమని ఆరిపోయింది.

"మా నాన్న గుండిగ పాడుచేశారు గదయ్యా!" అన్నాడు పూర్ణచంద్రరావు.

"తుమ్మల్లోంచి మేం లాక్కురాకపోతే మీ నాన్నకి గుండిగెక్కడిదంటా?" అన్నాడు మోపిదేవయ్య.

"అయితే మీ వంట మీరు వండుకోండి. మా వంట మేం వండుకుంటాం."

"అదే మంచిది. రెండు గుండిగలు పెడదాం."

తల నెరిసిన నాంచారమ్మ లేచింది. ఆమె పెద్దగా అరవలేదు.

"పెట్టండి. నా బిడ్డలకి ముద్ద ఏ గుండిగలోంచి తియ్యమంటారు? ఆళ్ళు మీవాళ్ళ పక్కన పడుకున్నారో, మావాళ్ళ పక్కన పడుకున్నారో నాకు తెలవదు. చిన్నబాబూ, మీ అమ్మ ఎక్కడుందో నీకు తెలుసా?"

పూర్ణచంద్రరావు గోతి గట్టు వైపు తిరిగాడు.

"గోతిని రెండు చేసి రండి, పోండి. అప్పుడు గుండిగని రెండు చేద్దాం. ఒరే మోపిదేవిగా, నువ్వు పార పట్టుకో."

మోపిదేవయ్య పార పట్టుకోలేదు. ఎవరూ పట్టుకోలేదు.

ఆమె బియ్యప్పిండి ముద్ద కలిపి లోపలి నుంచి చిల్లు మూసింది. కాలువలోంచి బంకమన్ను తెప్పించింది. మసి అంటకుండా గుండిగ అడుగున మన్ను పూయడం మామూలే. ఈసారి అడుగున ఆగలేదు. పొట్ట మీద పూసింది, మెడ దాకా పూసింది. 'దానం' పోయింది, 'దొరికినది' పోయింది, సంఘం పోయింది. చివరికి వీరరాఘవయ్య గారూ పోయారు. ఆయనైతే ఏమీ అనుకునేవారు కాదు.

"ఇప్పుడెక్కించండి" అంది.

ఉడుకుతున్న మెతుకుల గంజి చిల్లును ఇంకాస్త బిగించింది. చుక్క కారలేదు. మొదటి ముద్ద గోతి గట్టుకు వెళ్ళింది. తర్వాత ఊరూ పాలెమూ వరసగా కూర్చున్నారు. పూర్ణచంద్రరావు ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, ఆగాడు.

"ఉప్పు తక్కువైంది, పిన్నీ."

నాంచారమ్మ తెడ్డు ఎత్తింది. "కావాలంటే చెప్పు బాబూ, మళ్ళీ రమ్మంటాను సముద్రాన్ని."

ముందు మోపిదేవయ్య నవ్వాడు, అన్నం పొలమారేదాకా. వీపు మీద చరిచింది పూర్ణచంద్రరావే.

ఇప్పుడు రైసుమిల్లు కొట్టులో బోర్లా పడుకుని ఉన్నాను. లోపల తోమారు గానీ, బయటి మన్ను నాంచారమ్మ తోమనివ్వలేదు. ఒకచోట ఎండి కాస్త పెచ్చు ఊడింది. దాని కింద ఒక అక్షరం తళుక్కుమంటోంది. ఎవరి పేరులోదో చెప్పను. చెబితే ఇంకొకరు ఉలి తెస్తారు.