సీలు వేసిన చుక్కల అట్ట

ఆసుపత్రి టెలిఫోను బోర్డు దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసిన ఆపరేటరమ్మకు పుట్టుకతోనే చూపు లేదు. ఓటు మాత్రం ఉంది. దాన్ని ఇరవై ఏళ్ళుగా ఆవిడ మరిదే వేస్తున్నాడు. ఆవిడ ఒక పేరు చెప్పేది, అతను తెర వెనక ముద్ర గుద్ది "అయిపోయింది వదినా" అనేవాడు. ఎవరి పేరు మీద గుద్దాడో ఆ కాగితానికే తెలియాలి.

ఈసారి ఆవిడ ఎన్నికల ఆఫీసుకు ఏడుసార్లు ఫోను చేసి కూపీ లాగింది. చూపు లేనివాళ్ళ కోసం ప్రతి పోలింగు గదికీ ఒక చుక్కల అట్ట పంపుతున్నారట. ఓటు కాగితాన్ని అందులోకి తోస్తే ఒక్కో పేరు మీద ఒక్కో రంధ్రం వస్తుంది, రంధ్రం పక్కన వేలికి తగిలే చుక్కల్లో అంకె ఉంటుంది. చచ్చేలోగా ఒక్కసారైనా తన ఓటు తనే వేసుకోవాలని ఆవిడ పంతం పట్టింది.

పోలింగు రోజున గదిలో అధికారి గొంతు వినగానే ఆవిడకు మనిషి అర్థమైపోయాడు. "లైన్లో ఉండండి" అని చెప్పి టీకి వెళ్ళిపోయే బాపతు.

"చుక్కల అట్ట ఇప్పించండి బాబూ."

"ఉందమ్మా, భద్రంగా ఉంది!" అన్నాడతను గర్వంగా. "పెట్టెలో పెట్టి సీలు వేశాం. సౌకర్యం కల్పించామని పొద్దున్నే రిపోర్టు కూడా రాసేశాను."

"అయితే తీయండి."

"సీలు వేసింది పోలింగు అయ్యాకే తీయాలి. సెక్యూరిటీ."

"పోలింగు అయ్యాక దాంతో నేనేం చేసుకోను, విసురుకోనా?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "సహాయకుడి సౌకర్యం ఉందిగా. ఎవరికి వేశారో బయటికి చెప్పనని మీ వెంట వచ్చిన వీరు సంతకం పెడితే చాలు."

మరిది అప్పటికే సంతకం గీకేశాడు. "ఎందుకు వదినా ఈ రాద్ధాంతం? నేను లేనూ?"

"ఉన్నావు నాయనా. రహస్యం దాచడంలో నిన్ను మించినవాడు లేడు. ఇరవై ఏళ్ళ నుంచి నా ఓటు ఎవరికి వేస్తున్నావో నాకు కూడా చెప్పలేదు."

ఆవిడ అధికారి వైపు తిరిగింది. "దొంగలు రాకూడదని ఇంటికి తాళం వేస్తారు బాబూ, ఇంట్లోవాళ్ళు రాకూడదని కాదు. మీ రూల్సు పుస్తకం పదిహేడో పేజీ తీసి చదవండి. అందరికీ వినపడేలా."

పేజీలు తిరిగిన చప్పుడైంది. "సీలు వేసిన సామగ్రిని పోలింగు ముగిశాకే తెరవాలి..." అని ఆగాడు.

"ఆగారేం? తర్వాతి ముక్క కూడా చదవండి."

"చుక్కల అట్ట తప్ప. దాన్ని పోలింగు మొదలయ్యే ముందే ఏజెంట్ల ఎదుట బయట పెట్టాలి." గొంతు పాతాళంలోంచి వచ్చింది.

రెండు కళ్ళూ నిక్షేపంలా ఉన్న మనిషి, మూడు రోజుల శిక్షణ పొందిన మనిషి, ఒక్క వాక్యం చదివి పుస్తకం మూసేశాడు. ఆవిడకు కోపం కూడా రాలేదు, రోత పుట్టింది. ఇలాంటి వాళ్ళ చేతుల్లోనా ఇన్నాళ్ళూ తన ఓటు భద్రంగా ఉన్నది!

ఏజెంట్లు సంతకాలు పెట్టారు. సీలు ఊడింది. తెర వెనక ఆవిడ ఒక్కతే నిలబడి అంకెలు తడుముకుంది. ఎవరి అంకె ఏదో ముందే ఫోనులో కనుక్కుంది. నాలుగో రంధ్రం దగ్గర వేలు ఆగింది. ముద్ర వేసింది. ఏడుపు తన్నుకొచ్చింది, కానీ ఏడిస్తే బయట ఉన్నవాళ్ళు జాలి పడతారని మింగేసింది. కాగితం మడిచి, తనే తడుముకుని పెట్టెలో వేసింది.

"ఇంతకీ ఎవరికి వేశావు వదినా?" వీధిలోకి రాగానే అడిగాడు మరిది.

"చెబుతా. ముందు నువ్వు చెప్పు, ఇరవై ఏళ్ళూ ఎవరికి వేశావు?"

మరిది ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. జవాబు దొరికింది.