పొద్దున ఆరింటి లెక్క

"అక్కా, నాయన్ను రక్తపింజరి కరిచింది. టమోటా తోటలో. నీ సైట్లో చూసినాను, రాయకోట ఆసుపత్రిలో మందు ఎనిమిది సీసాలుండాయంట. బండిమీద ఆడికే పోతా ఉండాము."

అంతే, తమ్ముడు అశోక్ ఫోన్ పెట్టేశాడు. మూకండపల్లి ఆఫీసులో కూర్చున్న దివ్యశ్రీ గబుక్కున కంప్యూటర్ వైపు తిరిగింది.

పాము మందు ఏ ఆసుపత్రిలో ఎంత ఉందో చూపించే ఆ సైటు ఆమె కట్టిందే. మొదట్లో ఎవరు తెరిచినా, ఆసుపత్రులవాళ్లు అంకెలు కొట్టే డేటాబేస్‌ను అడిగి అప్పటికప్పుడు లెక్క తెచ్చేది. వానాకాలంలో జనం ఎగబడేసరికి సర్వర్ చతికిలబడింది. అప్పుడీ మహాతల్లి ఒక ఉపాయం కనిపెట్టింది. పొద్దున ఆరింటికి డేటాబేస్‌ను ఒక్కసారి అడిగి, పేజీలన్నీ తయారుచేసి పెట్టి, రోజంతా వాటినే చూపించడం. పేజీలు రెప్పపాటులో తెరుచుకుంటుంటే అందరూ మెచ్చుకున్నారు, ఆమె మురిసిపోయింది. అడుగున 'పొద్దున ఆరింటి లెక్క' అని ఒక లైను ఉండేది. సైటు పెట్టించిన సంఘం పెద్ద గురుమూర్తి, "పాతది అనుకుంటారమ్మా, తీసెయ్" అన్నాడు. పాతదే కదా! అయినా తీసేసింది.

ఇప్పుడు సాయంత్రం నాలుగు.

డేటాబేస్ తెరిచింది. రాయకోట ఎదురుగా సున్నా. పదకొండున్నరకే అయిపోయింది.

అశోక్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. బండి నడిపేవాడి జేబులో అది మోగుతూనే ఉంటుంది. పేజీలను మళ్లీ తయారుచేయించింది. నాలుగు నిమిషాల్లో రాయకోట పక్కన సున్నా వచ్చింది. వచ్చి ఏం లాభం, వాడు చూడాల్సింది చూసేశాడు. భయంతో ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

చివరికి వాడే చేశాడు. "ఈడ లేదంటా ఉండారక్కా. నాయన చిగుళ్లనుంచి రక్తమొస్తా ఉండాది. యాడికి పోయేది? చెప్పు!"

కృష్ణగిరి పెద్దాసుపత్రికి డేటాబేస్ పన్నెండు చూపిస్తోంది. చెప్పబోయి ఆగింది. అది కూడా ఎవరో ఎప్పుడో కొట్టిన అంకె. అశోక్‌ను లైన్లోనే ఉండమని, ఆఫీసు ఫోన్‌తో కృష్ణగిరికి చేసింది. గౌరి అనే నర్సు ఎత్తింది.

"పన్నెండని రాసి ఉండాదమ్మా."

"రాసింది వద్దమ్మా. ఫ్రిజ్ తెరిచి చూడు. మా నాయన కేశవప్పకు కావాలి, నీకు దండం పెడతాను."

అడుగుల చప్పుడు దూరమైంది. ఇవతల అశోక్ లైన్లో నాయన మూలుగు వినిపిస్తోంది.

"పదుండాయి. చేత్తో లెక్కపెట్టినాను. కేశవప్ప పేరుతో పక్కన పెడతా, బిన్నా రమ్మను, ఆలస్యం చేయొద్దను."

"అశోకా, కృష్ణగిరికి పోరా. పదుండాయి."

చిన్నప్పటినుంచి అక్క మాటకు ఎదురు చెప్పని తమ్ముడు అప్పుడు అడిగాడు. "ఇది ఎప్పటి లెక్కక్కా?"

"ఇప్పటిదే నాయనా," అంది.

ఐదుంపావుకు గౌరి ఫోన్ చేసింది. "వచ్చినారమ్మా. మందు ఎక్కుతా ఉండాది. మీ నాయన కండ్లు తెరిచినాడు."

దివ్యశ్రీ బల్లమీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఐదు నిమిషాలు కూడా ఆగలేక గౌరికి మళ్లీ ఫోన్ చేసింది.

"ఇప్పుడు?" అని అడిగింది.