ఈ ఏడు మనదే

ఆగస్టు రెండోవారంలో ఊరి పత్రిక మొదటి పేజీ నిండా టేవిన్ ఓక్లీ ఫొటో వేసింది. బంతిని చంకలో ఇరికించుకుని, నడుం పట్టుకు వేలాడుతున్న ఇద్దరిని ఈడ్చుకుంటూ పరిగెడుతున్న ఫొటో. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లోని కోచ్‌లందరూ ఓట్లు వేసి, ఈసారి హార్లన్ క్రీక్ కాలేజీ జట్టే గెలుస్తుందని తేల్చారని కింద వార్త. పంతొమ్మిదేళ్లలో ఇదే మొదటిసారి. మంగలి షాపులో, కేఫ్‌లో, ధాన్యం గిడ్డంగి దగ్గర ఒకటే మాట: "ఈ ఏడు మనదే."

స్టేడియం మెట్ల కింద సామాన్ల గదిలో లొరెట్టా క్విల్లన్ కూడా ఆ వార్త చదివి సంతోషపడింది. ఇరవై రెండేళ్లుగా ఆ గది ఆమెదే. ఆటగాళ్ల హెల్మెట్లు, భుజాల తొడుగులు, చొక్కాలు ఆమె చేతి మీదుగా వెళ్లాలి, ఆమె చేతికే తిరిగి రావాలి.

ఆ రోజు హెల్మెట్లు పంచే రోజు. ఉదయం తొమ్మిదింటికి టేవిన్ వచ్చాడు. ఆమె అతని తలకు హెల్మెట్ బిగించి, గడ్డం కింద పట్టీ లాగి చూసి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పంపింది. మధ్యాహ్నం మూడింటికి అతను మళ్లీ వచ్చాడు.

"మిస్ లొరెట్టా, నా హెల్మెట్ ఇస్తారా?"

"ఏరా, పొద్దున ఇచ్చింది అప్పుడే అమ్ముకు తిన్నావా?"

"పొద్దునేంటి? నేను రావడమే ఇప్పుడు కదా."

ఆట పట్టిస్తున్నాడనుకుని ఆమె పుస్తకం తిప్పి చూపించింది. టేవిన్ వంగి, పరాయివాళ్ల ఉత్తరం చదువుతున్నవాడిలా తన సంతకాన్నే చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. "ఎండ, మిస్ లొరెట్టా. బుర్ర ఉడికిపోతోంది."

ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చిందని అతను వెళ్లాక ఆమెకు తోచింది.

శనివారం జట్టు రెండుగా చీలి, ఎర్ర చొక్కాలతో కొందరు, తెల్ల చొక్కాలతో కొందరు తమలో తామే ఆడారు. ఊరంతా చూడ్డానికి వచ్చింది. ఎర్ర చొక్కాలో టేవిన్ బంతితో మూడుసార్లు చివరి గీత దాటి పాయింట్లు తెచ్చాడు. మూడోసారి ఇద్దరు చెరోవైపు నుంచి గుద్దినా పడలేదు. గీత దాటి, బంతి రెఫరీకిచ్చి, తిన్నగా తెల్ల చొక్కాల బెంచీ దగ్గరికి నడిచి వాళ్ల మధ్య కూర్చున్నాడు.

జనం పగలబడి నవ్వారు. "చూడండి చూడండి, పాపం వాళ్లని ఓదార్చడానికి వెళ్లాడు!" అని మైకులో అరిచారెవరో.

లొరెట్టా నీళ్ల సీసా పట్టుకుని వెళ్లింది. టేవిన్ కళ్లు చికిలించి, అటూ ఇటూ ఉన్న తెల్ల చొక్కాలను ఒక్కొక్కటే చూస్తున్నాడు. ఎవరైనా దారి చెబుతారేమో అన్నట్టుంది ఆ చూపు.

దెబ్బలు తగిలితే చూసుకునే కోల్బీ ఉద్యోగంలో చేరి మూడు వారాలే అయింది. ఆమె అతన్ని పక్కకు పిలిచి అడిగింది.

"నేను పరీక్షించానండీ. ఏ రోజు, ఏ ఊరు, స్కోరెంత, అన్నీ అడిగా. అన్నీ చెప్పాడు."

"అప్పుడు పక్కన ఎవరున్నారు?"

కోల్బీ నేల చూశాడు. "కోచ్ ఉన్నారు. ఒకటి రెండు ఆయన అందించారు."

ఆమె తిన్నగా కోచ్ గదికి వెళ్లింది. డ్వైట్ బ్రాండెల్ గోడమీద సీజన్ పట్టికకు మేకులు కొడుతున్నాడు.

"డ్వైట్, ఆ పిల్లాడి తలలో ఏదో తేడా చేసింది."

"నువ్వు డాక్టరువెప్పుడయ్యావు లొరెట్టా?"

"నాకు డాక్టరీ తెలీదు. ఇరవై రెండేళ్లుగా ఈ పిల్లల తలలు నా చేతుల్లోంచి పోతున్నాయి. ఏది ఎలా ఉండాలో తెలుసు."

"పన్నెండు వారాలు! నేనడిగేది అంతే. పన్నెండు వారాలు వాడి తల వాడి మెడ మీద నిలిస్తే చాలు." అన్నాక ఆ మాట తనకే చేదుగా తగిలిందేమో, మళ్లీ సుత్తి అందుకున్నాడు.

సోమవారం ప్రాక్టీసుకు ముందే ఆమె టేవిన్ హెల్మెట్‌ను బీరువాలో పెట్టి తాళం వేసింది. అతను వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచిరా?" అంది మెల్లగా.

దబాయించబోయి ఆగిపోయాడు. "మార్చి ప్రాక్టీసప్పట్నుంచి. పొద్దున లేవగానే నొప్పి. ఒక్కోసారి వాంతి. ఎవరికీ చెప్పకండి మిస్ లొరెట్టా. ఆడకపోతే ఇక్కడ నన్నెవరు పట్టించుకుంటారు?"

"నేను పట్టించుకుంటా. డాక్టరు చూసి సరేనంటే నా చేత్తోనే బిగిస్తా. అప్పటిదాకా ఇవ్వను."

అతను గొడవ చేయలేదు. గొడవ చేసి ఉంటే ఆమెకు కొంత ధైర్యంగా ఉండేది.

కోచ్ మాత్రం వచ్చి కౌంటరు మీద గుద్ది గుద్ది అరిచాడు. ఆమె తాళంచెవి గుప్పిట్లో బిగించి, "కాలేజీ ప్రెసిడెంటుకి నువ్వు ఫోన్ చేస్తావా, నన్ను చేయమంటావా?" అంది. చివరికి గురువారం పక్క ఊరి ఆసుపత్రిలో తలకు స్కాన్ తీయించడానికి ఒప్పుకున్నాడు.

బుధవారం ఉదయానికి టేవిన్ అలమర ఖాళీ.

ఉత్తరాన నాలుగు గంటల దూరంలో ఉన్న మరో కాలేజీలో చేరాడని సాయంత్రానికి తెలిసింది. అక్కడ బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడి కాలు విరిగిందట. టేవిన్ అడగ్గానే రమ్మన్నారట. స్కాన్ తీయలేదు గనక కాగితాల మీద అతనికి ఏ జబ్బూ లేదు. పాత దెబ్బలేమైనా ఉన్నాయా అన్నచోట లేవని రాశాడు.

లొరెట్టా అక్కడికి ఫోన్ చేసింది. అవతలి మనిషి ఓపిగ్గానే విన్నాడు. "మీ మంచి ఆటగాడు చేజారిపోయాడు, కడుపుమంట ఉంటుందిలే అమ్మా. మావాళ్లు చూసుకుంటారు" అని పెట్టేశాడు.

మర్నాడు కేఫ్‌లో ఆమె ముందు కాఫీ పెట్టిన అమ్మాయి పలకరించలేదు. వెనక బల్ల దగ్గర ఎవరో, "మన సీజన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది ఈవిడే" అన్నారు. ఒక్కరూ నవ్వలేదు.

సెప్టెంబరు మొదటి శనివారం. ఇరవై రెండేళ్లలో మొదటిసారి లొరెట్టా తన జట్టు తొలి ఆట వదిలేసి, మొక్కజొన్న చేల మధ్య నుంచి ఉత్తరానికి కారు నడిపింది. చేరేసరికి ఆట మొదలుకాబోతోంది. మైదానం అంచున కట్టిన తాడు దగ్గర నిలబడి కేకేసింది. నీలం చొక్కాలో ఉన్న టేవిన్ హెల్మెట్ చేత్తో పట్టుకుని, మర్యాదగా నవ్వుతూ వచ్చాడు.

"చెప్పండి మేడమ్."

"కోపముంటే తిట్టరా, పడతాను. మీ నాయనమ్మకైనా చెప్పావా?"

"మా నాయనమ్మ మీకు తెలుసా?" అన్నాడు సంబరంగా. "మీదీ మా ఊరేనా?"

నటిస్తున్నాడేమోనని ఆమె అతని కళ్లలోకి చూసింది. నటన లేదు. ఒక కనుపాప చిన్నగా ఉంది. రెండోది, నడినెత్తిన సూర్యుడుండగా, నల్లగా విచ్చుకుని ఉంది.

ఈల మోగింది. అతను హెల్మెట్ పెట్టుకుని పరిగెత్తాడు.

లొరెట్టా తాడు కింద నుంచి దూరి మైదానంలోకి నడిచింది. జనం ముందు నవ్వారు, తర్వాత గోల చేశారు. ఇద్దరు కాపలావాళ్లు వెనక పరిగెత్తుకొచ్చారు. తల నెరిసిన రెఫరీ ఎదురొచ్చి, "బయటికి నడవండమ్మా" అన్నాడు.

"నడుస్తా. ముందు ఆ ఇరవై ఎనిమిదో నంబరు పిల్లాణ్ని ఇది ఏ నెలో అడగండి. మీరొక్కరే అడగండి. తర్వాత నన్ను జైల్లో పెట్టుకోండి."

రెఫరీ ఆమె మొహం చూసి, టేవిన్ దగ్గరికి వెళ్లాడు. టేవిన్ ఆకాశం చూశాడు, గడ్డి చూశాడు, జనాన్ని చూశాడు. జవాబు కోసం నోరు తెరిచి, మోకాళ్ల మీద కూలబడ్డాడు.

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో పుర్రె తెరిచి ఆపరేషన్ చేశారు. "నెలల తరబడి కొద్దికొద్దిగా రక్తం కారుతోంది. ఇంకొక్క గుద్దు తగిలుంటే మా దాకా వచ్చేవాడు కాదు" అన్నాడు సర్జన్. "బతుకుతాడు. ఎంతవరకు కోలుకుంటాడో ఇప్పుడే చెప్పలేం."

డ్వైట్ ఫోన్ చేశాడు. "ఎలా ఉన్నాడు?" ఆమె చెప్పింది. తర్వాత, "మనం గెలిచాం ఇవాళ" అన్నాడు, ఎవరో చచ్చిపోయారని చెబుతున్నట్టు. ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఉదయం టేవిన్ కళ్లు తెరిచాడు. కుడిచేత్తో దుప్పటి తడుముకున్నాడు. ఎడమచెయ్యి పెట్టినచోటే పడి ఉంది. నాయనమ్మ ఇంకా దారిలోనే ఉంది. లొరెట్టా కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "నొక్కరా నాన్నా, నా వేలు నొక్కు" అంటూ కూర్చుంది.