మెడ మీద నీళ్ళు

నర్సాపురం రేవులో పంటు ఎక్కేసరికే సూర్యకళకు సగం రోజు అయిపోయినట్టుండేది. ఆవిడకు యాభై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పి మూడేళ్ళయింది. గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు దిగాలి. అక్కణ్ణుంచి ఆటోలో తీరం దగ్గరున్న ఊరికి వెళ్ళి, అక్కడి హైస్కూల్లో ఫోను ముందు మొహం పెట్టి హాజరు వేసుకోవాలి. ఆ తర్వాత పిల్లల హాజరు, భోజనాల ఫొటో, మరుగుదొడ్ల ఫొటో. ఇవన్నీ ఎక్కించాక, ఓపిక మిగిలితే, భౌతికశాస్త్రం.

వీటికి తోడు టింకరింగ్ ల్యాబ్ ఒకటి. పిల్లలు తమ చేతులతో వస్తువులు తయారుచేసి నేర్చుకోవాలని రెండేళ్ళ కిందట స్కూలుకి మంజూరైంది. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, బుల్లి మోటార్లు, పట్టకార్లు, స్క్రూడ్రైవర్లు అన్నీ వచ్చాయి. బాధ్యత తీసుకునేవాళ్ళే రాలేదు. లెక్కల మాస్టారు పదో తరగతి ఫలితాల పేరు చెప్పి తప్పుకున్నారు. సైన్సు టీచరు కదా అని చివరికి సూర్యకళ నెత్తిన పెట్టారు. మొదటి ఏడాదంతా తనిఖీకి ఎవరైనా వస్తే తప్ప ఆ గది తలుపు తీసింది లేదు.

రెండో ఏడు జూలైలో రాజమండ్రిలో మూడు రోజుల శిక్షణకు పంపించారు. తన పిల్లల వయసు కుర్రాళ్ళ మధ్య కూర్చుని ప్రింటరు నడపడం నేర్చుకుంది. వెళ్ళేటప్పుడు విసుక్కుంటూ వెళ్ళింది, వచ్చేటప్పుడూ పెద్దగా ఉత్సాహం లేదు. అయినా, నేర్చుకున్నది పిల్లలకు చెప్పకుండా ఉండలేని పాత అలవాటు ఒకటుంది. పిల్లలు పుస్తకాల సంచి తేనక్కర్లేని శనివారం చూసి తొమ్మిదో తరగతిని ల్యాబ్‌లో కూర్చోబెట్టింది.

"మీ ఇళ్ళల్లో ఎవరికైనా రోజూ పడే ఇబ్బంది ఏదైనా చెప్పండి. దానికి మనం ఏం చెయ్యగలమో చూద్దాం."

రోబో అన్నాడొకడు. డ్రోన్ అన్నారు ఇద్దరు.

"నేనడిగింది ఇబ్బందిరా, వస్తువు కాదు," అంది సూర్యకళ.

వెనక బెంచీలోంచి రాణి లేచింది. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల. తరగతిలో నోరు విప్పేది తక్కువ.

"మా మామ్మ మెడండి."

క్లాసంతా గొల్లున నవ్వింది.

"ఏమైందే మెడకి?"

"గంపలోంచి ఐసు నీళ్ళు కారతాయండి. రోజూ అక్కడే కారతాయి. చర్మం ఒరుసుకుపోయి పుండు పడిందండి. చీర తడిగా ఉందని ఆటోవాళ్ళు కూడా ఎక్కించుకోరు."

నవ్వు ఆగిపోయింది. ఆ క్లాసులో సగం మంది ఇళ్ళల్లో చేపల గంపలున్నాయి.

మరుసటి శనివారం రాణినీ, ఆమె పక్క బెంచీ జానకిరామ్‌నీ వెంటబెట్టుకుని సూర్యకళ వాళ్ళ ఇంటికి వెళ్ళింది. రాణి మామ్మ తలుపులమ్మకు అరవై దాటాయి. నెత్తి మీద గుడ్డతో చుట్టిన చుట్టకుదురు, దాని మీద గంప, గంపలో ఐసు పరిచిన చేపలు. అలా రేవు దాకా వెళ్ళి, పంటు దాటి, నర్సాపురం వీధుల్లో అమ్ముకొస్తుంది. జుట్టు ముడి పైకెత్తి మెడ చూపించింది. తెల్లగా నాని, ముడతలు పడి, మధ్యలో ఎర్రగా చిట్లి ఉంది.

ఇలాంటి ఆడవాళ్ళను సూర్యకళ రేవులో రోజూ చూస్తూనే ఉంది. నీచు వాసన తగలకుండా చీర కుచ్చిళ్ళు పట్టుకుని పక్కకు తప్పుకోవడమూ రోజూ చేస్తూనే ఉంది. అది గుర్తొచ్చి ఆ మెడ వంక ఎక్కువసేపు చూడలేకపోయింది.

గంపకీ చుట్టకుదురుకీ మధ్య అంచున్న పళ్ళెం ఒకటి పెడితే నీళ్ళు అందులో పడతాయన్నది రాణి ఆలోచన. పళ్ళేనికి బెజ్జం, బెజ్జానికి సెలైను గొట్టం, గొట్టం చివర నడుముకి ఓ సీసా. కాగితం మీద బొమ్మ బాగానే కుదిరింది. ప్రింటరు మాత్రం జానెడు వెడల్పు మించి అచ్చు వెయ్యదు. పళ్ళేన్ని నాలుగు ముక్కలుగా చేసి అతికించారు. ఒక్కో ముక్కకి మూడు గంటలు పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి.

మొదటిది తలుపులమ్మ నెత్తిన పెట్టుకుని వెంటనే తీసేసింది.

"బుర్ర పగిలిపోద్దే బాబూ. ఎవరు చేశారే దీన్ని?"

రాణి మొహం చిన్నబోయింది. రెండోదాన్ని పలచగా చేశారు, అతుకుల్లోంచి కారింది. సైకిలు పంక్చరు సొల్యూషనుతో అతుకులు మూశారు. మూడోదానికి గొట్టం కుడివైపు పెట్టారు. తలుపులమ్మ గంపను కుడిచేత్తో పట్టుకుంటుందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. చెయ్యెత్తినప్పుడల్లా గొట్టం మడతపడేది. దాన్ని ఎడమ చెవి వెనక్కి మార్చారు. నవంబరులో అయిదోసారి చేసింది నిలబడింది. ఆ రోజు తలుపులమ్మ నర్సాపురం నుంచి పొడి జాకెట్టుతో తిరిగొచ్చింది. సీసాలో సగానికి పైగా నీచునీళ్ళున్నాయి. రాణి ఆ సీసాను అలాగే స్కూలుకి పట్టుకొస్తే, గదంతా కంపు కొట్టినా, ఎవరూ పారబొయ్యనివ్వలేదు.

అలాంటి రోజుల్లో కూడా సూర్యకళ అలిసిపోయేది. సాయంత్రం నాలుగున్నర పంటు తప్పిపోయి, తర్వాతి దానికి రేవులో నిలబడి, చీకటి పడేవేళకి ఇల్లు చేరేది. సంతోషం సంతోషమే, మోకాళ్ళు మోకాళ్ళే.

డిసెంబరులో జిల్లా ఎగ్జిబిషను కబురొచ్చింది. హెడ్మాస్టరు పల్లంరాజు గారు ఆవిణ్ణి పిలిచారు. చెడ్డమనిషి కాదు. పైవాళ్ళు ఏమంటారోనన్న బెంగతోనే సగం జుట్టు ఊడిపోయినాయన.

"గంప పళ్ళెం పంపిస్తే ఏం బాగుంటుందండి మేడం? పక్క మండలం వాళ్ళు మాట్లాడే చెత్తబుట్ట పెడుతున్నారంట. కాకినాడలో ఒకాయన మోడళ్ళు చేసిస్తాడండి. మనకీ అలాంటిదే చెప్పేశాను. మన పిల్లల పేరు పెట్టేద్దాం."

ఆ రోజు పొద్దుటినుంచి సర్వరు పనిచెయ్యక సూర్యకళ ఫోనుతో కుస్తీ పడుతోంది. కాదనాలంటే కారణాలు చెప్పాలి. చెబితే ఆయన మళ్ళీ ఏదో అంటారు. దానికి మళ్ళీ చెప్పాలి.

"సరేనండి," అంది.

చెయ్యి తగలకుండానే మూత తెరిచి "ధన్యవాదాలు" అనే చెత్తబుట్ట పెట్టెలో వచ్చింది. రాణికీ జానకిరామ్‌కీ ఏం చెప్పాలో కాగితం మీద రాసిచ్చింది సూర్యకళ. రాణి కాగితం చదువుకుని తలెత్తింది.

"మరి మనదండి?"

"సంచిలో పెట్టుకో. వీలైతే చూపిద్దాం."

వీలవదని ఆవిడకు తెలుసు.

ఎగ్జిబిషను హాలు నిండా రంగు కాగితాలూ లైట్లూ. వాళ్ళ బల్ల దగ్గరికి ఇద్దరు న్యాయనిర్ణేతలు వచ్చారు. ఒకాయన పెద్దాయన, ఒకావిడ వయసులో చిన్నది. రాణి కాగితంలోది తడబడకుండా అప్పజెప్పింది. చిన్నావిడ చెత్తబుట్ట ముందు చెయ్యి ఊపి చూసి అడిగింది.

"చెయ్యి ఇంకా దగ్గరికొస్తే గానీ మూత తెరుచుకోకూడదనుకో. ఏం మారుస్తావమ్మా?"

రాణి సూర్యకళ వైపు చూసింది. సూర్యకళ నేల చూసింది.

"తెలీదండి," అంది రాణి. "ఇది మేం చెయ్యలేదండి. కొనుక్కొచ్చారు. మేం చేసింది సంచిలో ఉందండి. చూత్తారా?"

చుట్టుపక్కల బల్లల వాళ్ళు తిరిగి చూశారు. రాణి పళ్ళెం తీసింది. చిన్నావిడ దాన్ని తన నెత్తిన పెట్టుకుని, నాలుగు ముక్కలెందుకని అడిగింది. ప్రింటరు సంగతి, సొల్యూషను సంగతి, కుడిచెయ్యి సంగతి, రాణి ఆగకుండా చెప్పుకొచ్చింది. క్లాసులో ఏడాదంతా కలిపి అన్ని మాటలు మాట్లాడి ఉండదు.

"బాగానే ఉంది గానీ ఇందులో టెక్నాలజీ ఏముందమ్మా? ఒక్క సెన్సరైనా లేదు," అన్నాడు పెద్దాయన. "పైగా మీరు నమోదు చేసుకున్నది ఇది కాదు. అదేమో కొన్నదంటున్నావు." అని జాబితాలో స్కూలు పేరు కొట్టేశాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చెత్తబుట్ట పెట్టె కాళ్ళకు అడ్డంగా ఉంది. గుంతలో ఆటో ఎగిరిపడ్డప్పుడల్లా లోపలి నుంచి "ధన్యవాదాలు" అంటోంది. జానకిరామ్‌కి నవ్వొచ్చి, ఆపుకుని, రోడ్డు వైపు తిరిగాడు.

"మేడం, కోపం వచ్చిందాండి?" అంది రాణి.

"వచ్చింది," అంది సూర్యకళ. "అబద్ధం చెప్పమన్నది నేను. తప్పు నాది. అయినా వచ్చింది. కాసేపుంటే పోతుందిలే."

నాలుగు రోజుల్లో జిల్లా విద్యాశాఖ ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. మోడల్ కొనడానికి తాను ఒప్పుకున్నాననీ, పిల్ల నిజం చెప్పిందనీ, పిల్లల మీద ఏ చర్యా తీసుకోవద్దనీ సూర్యకళ మూడు వాక్యాలు రాసింది. పల్లంరాజు గారు అది చదివి కళ్ళజోడు తీశారు.

"నా పేరు రాయలేదేంటండీ?"

"సరేనన్నది నేనే కదండీ. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే సరిపోయేది," అంది సూర్యకళ. "ల్యాబ్ నా వల్ల కాదండి. ఎవరికైనా ఇచ్చెయ్యండి. నాకు ఓపిక లేదు."

ఆయన వాదించలేదు. ఇంకెవరూ తీసుకోలేదు కాబట్టి గదికి తాళం పడింది. పదో తరగతి పరీక్ష పేపర్ల కట్టలు తెచ్చి ల్యాబ్ బల్లల మీద పేర్చారు.

సూర్యకళ వేళకి ఇల్లు చేరడం మొదలుపెట్టింది. పొద్దుండగానే టీ తాగి పడుకునేది. హాయిగా ఉండాలి. నిద్ర పట్టేది గానీ, లేచేసరికి పడుకునే ముందు ఎంత అలసటో అంతే ఉండేది. రాణి క్లాసులో మళ్ళీ నోరు మూసుకుంది. ఎదురుపడితే నమస్కారం పెట్టి వెళ్ళిపోయేది. ఒక్కసారీ ల్యాబ్ ఊసెత్తలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేది సూర్యకళ. అడగకపోవడమే కష్టంగా ఉంది.

సంక్రాంతి సెలవులయ్యాక ఓ పొద్దున సఖినేటిపల్లి రేవులో పంటు దిగుతుంటే, ఎక్కడానికి నిలబడ్డ వాళ్ళలో తలుపులమ్మ కనిపించింది. నెత్తిన గంప ఉంది, పళ్ళెం లేదు. చుట్టకుదురు తడిసి, నీళ్ళు మెడ వెనగ్గా కారుతున్నాయి.

"టీచరు గారండీ!" ఎడమచేత్తో నడుం దగ్గరి మడతలోంచి విరిగిన ప్లాస్టిక్కు ముక్క తీసింది. "ఆటో మీంచి పడి ముక్క ఊడిపోయిందండి. బాగుచేసి తేవే అంటే, గదికి తాళం వేసేశారంటందండి మా రాణి."

"ఆయ్, అవునండి. వేసేశారు."

"నెల్లాళ్ళు పొడిగా ఉన్నానండి. పుండు కూడా మానిందండి. ఇప్పుడు మళ్ళీ మొదలైంది." నిష్ఠూరం లేదు గొంతులో. ఉన్న సంగతి చెబుతోంది. "ముందు అలవాటేనండి. అలవాటు తప్పాక ఓర్చుకోలేకపోతన్నాను."

పంటు వాడు కేకేశాడు. ముక్కను సూర్యకళ చేతిలో పెట్టి ఆమె వెళ్ళిపోయింది.

స్కూల్లో సూర్యకళ ముందు హాజరు వేసింది, ఫొటోలు ఎక్కించింది. అప్పుడు హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి తాళంచెవి అడిగింది. పల్లంరాజు గారు ఆవిడ మొహంలోకి చూశారు.

"ఓపిక లేదన్నారు కదండీ."

"ఇప్పుడూ లేదండి. శనివారాలు మాత్రం ఇవ్వండి. కట్టలు నేనే సర్దుకుంటాను. ఎగ్జిబిషన్లకి మాత్రం నన్ను పంపించకండి."

ఆయన సొరుగు తెరిచి తాళంచెవి ఇచ్చారు. కట్టలు సర్దడానికి అటెండరును కూడా పంపించారు.

శనివారం రాణి, జానకిరామ్ ప్రింటరు మీది దుమ్ము తుడిచారు. విరిగిన ముక్కను మళ్ళీ అచ్చువేస్తే చాలనుకుంది సూర్యకళ. పదకొండింటికి తలుపులమ్మ ఇంకో ముగ్గురు ఆడవాళ్ళతో వచ్చింది. అందరి చేతుల్లో ఖాళీ గంపలు. తమకూ కావాలన్నారు. జానకిరామ్ టేపు పెట్టి కొలిస్తే ఏ రెండు గంపల అడుగులూ ఒక్కలా లేవు. వాళ్ళలో ఒకామె గంపను రెండు చేతులతో పట్టుకుంటుంది, ఇంకొకామె అసలు పట్టుకోనే పట్టుకోదు. గొట్టం ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు.

"అయితే మనం చేసింది మామ్మ ఒక్కదానికే పనికొస్తదాండి?" అంది రాణి దిగులుగా.

"అలాగే ఉంది."

సూర్యకళ కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంకో కుర్చీ మీద కాళ్ళు చాపుకుంది. కళ్ళు మూసుకుంది. గదిలో ఆడవాళ్ళు ఒకరి మాట ఒకరికి వినపడకుండా తమ గంపల గురించి చెబుతున్నారు. రాణి "ఒక్కొక్కళ్ళూ చెప్పండి, రాసుకోవాలి" అని కసురుతోంది. పన్నెండింటికి కరెంటు పోయింది. సగం అచ్చయిన ముక్క ఆగిపోయింది. ఎవరూ లేచి వెళ్ళలేదు.